రోడ్డవతలి నుంచి చూసిన బొమ్మ: ఒక బోర్డు ఆర్టిస్టు అబ్‌స్ట్రాక్ట్‌లోకి వచ్చిన కేసు

పెయింటింగ్ నేర్పేవాళ్లం రోజూ వాడే మాట ఒకటుంది. "మనసుకి ఏం తోస్తే అది వేయండి." ఈ ఒక్క మాట పట్టుకుని నేను ఒక గొప్ప పనివాడిని బ్రష్ పక్కన పెట్టేసే దాకా తీసుకెళ్లాను. తర్వాత ఆయన తిరిగి రావడం, అసలు దారి ఎక్కడుందో మా ఇద్దరికీ అనుకోకుండా దొరకడం జరిగింది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. అబ్‌స్ట్రాక్ట్, అంటే ఇదీ అని గుర్తుపట్టే ఆకారం లేని బొమ్మలు నేర్పేవాళ్లు, వేయాలనుకుని ఆగిపోయినవాళ్లు చదివితే పనికొస్తుందని నా నమ్మకం. ఆయన ఊరు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. మొత్తం చదివి వినిపించాక, ఆయన సరేనన్నాకే బయట పెడుతున్నాను. ఇక్కడ ఆయన్ని పెద్దాయన అంటాను.

నేపథ్యం

హైదరాబాద్‌లో ఒక చిన్న గదిలో 11 ఏళ్లుగా పెద్దవాళ్లకి శని, ఆదివారాలు క్లాసులు చెప్తున్నాను. పెద్దాయనని వాళ్ల కోడలు తీసుకొచ్చింది. "మామయ్యకి చేతులు ఖాళీగా ఉంటే తోచట్లేదండీ" అంది. అప్పటికి ఆయనకి 57. పద్నాలుగేళ్ల వయసులో ఒక జిల్లా కేంద్రంలో పెయింటర్ దగ్గర బ్రష్‌లు కడగడానికి చేరి, ఆ తర్వాత పాతికేళ్లు షాపుల బోర్డులు, గోడల మీద ప్రకటనలు, ఎన్నికల రాతలు, స్కూలు గోడల మీద సూక్తులు, లారీల వెనక పేర్లు రాశారు. సుద్ద రాసిన దారాన్ని ఇద్దరు చెరో వైపు పట్టుకుని లాగి కొడితే గోడ మీద గీత పడుతుంది, ఆ గీతల మధ్య ముందు స్కెచ్ లేకుండా పదడుగుల మాటని నేరుగా బ్రష్‌తో రాయగలరు. అక్షరాలు లెక్కపెట్టుకుని, నడిమి ఎక్కడొస్తుందో చూసుకుని మొదలుపెడతారు, చివరి అక్షరం ఇరుక్కోదు. అద్దం లోపలి వైపు నుంచి అక్షరాలు తిరగేసి రాయడం కూడా ఆయనకి మామూలే.

2000 తర్వాత ఫ్లెక్స్ ప్రింటింగ్ ఊళ్లలోకి వచ్చింది. రాత్రి ఫైల్ ఇస్తే తెల్లారేసరికి బ్యానర్ చేతికొస్తుంటే మూడు రోజులు నిచ్చెన మీద నిలబడి రాసే మనిషి కోసం ఎవరూ ఆగరు. కొన్నాళ్లు నంబర్ ప్లేట్లు రాసి, తర్వాత ఇళ్లకి రంగులు వేసే కాంట్రాక్టుల్లోకి వెళ్లారు. భార్య పోయాక కొడుకు దగ్గరికి హైదరాబాద్ వచ్చేశారు.

అబ్‌స్ట్రాక్టే ఎందుకని మొదటి రోజే అడిగాను, ఎందుకంటే ఆ చేతికి ప్రకృతి దృశ్యాలు, పోర్ట్రెయిట్లు చాలా తేలిక. ఆయన చెప్పింది నా నోట్‌బుక్‌లో అలాగే రాసి పెట్టుకున్నాను. "ఇన్నేళ్లు ఎవరో చెప్పిందే రాసినమ్మా. ఏ పేరూ లేని బొమ్మ ఒకటి నా చేత్తో వేయాలె."

సమస్య ఎలా కనిపించింది

మొదటి నెలలో ఆయన వేసిన ఆరు కాన్వాసులూ శుభ్రంగా ఉన్నాయి, కానీ ఒక్కదాంట్లోనూ జీవం లేదు. ఎందుకని నేను చాలాసేపు చూశాను. బ్రష్ ఎక్కడ ఆగినా చివర్లో పైకి ఒక చిన్న విరుపు ఇస్తోంది. అది తలకట్టు. పాతికేళ్లు అక్షరాల నెత్తిన పెట్టిన తలకట్టు, ఆయనకి తెలియకుండానే ప్రతి గీత చివరా పడిపోతోంది. రెండోది, ఏం వేసినా నడిమికి సమంగా సర్దేస్తారు, ఎడమ ఎంతో కుడి అంతే. మూడోది నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. నలభై నిమిషాల్లో పూర్తి చేసేసి బ్రష్ కడిగేసుకుని నా వైపు చూసేవారు, "బాగుందా?" అని కాదు, "సరిపోయిందా?" అని. ఆర్డర్ ఇచ్చిన షాపు ఓనర్‌ని అడిగినట్టు.

ఏమేం ప్రయత్నించాను, ఎందుకు కుదరలేదు

ముందు నేను అనుకున్నది ఇదీ: చెయ్యి మరీ నేర్చేసింది, ఆ నేర్పు అడ్డుపడుతోంది, దాన్ని వదిలిస్తే లోపలున్నది బయటికొస్తుంది. ఇది మా రంగంలో చాలామంది నమ్మే మాటే. పెద్ద బ్రష్ ఇచ్చి, తోచింది వేయమన్నాను. నాలుగు వారాలు. ప్రతి వారం ఆయన ఖాళీ కాన్వాసు ముందు ఎక్కువసేపు కూర్చున్నారు, తక్కువ వేశారు. ఒక ఆదివారం చేతులు వణుకుతున్నాయని బీపీ చూపించుకోమన్నాను, తర్వాత కోడలు చెప్పింది, క్లాసు ముందు రోజు రాత్రి ఆయనకి టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదని. ఎప్పుడూ కొలత, మాట, గడువు ముగ్గురూ చేయి పట్టుకుని నడిపించిన మనిషికి "ఏదైనా వేయండి" అనడం స్వేచ్ఛ ఇవ్వడం అనుకున్నాను. ఆయనకి అది మాట రాయకుండా వదిలేసిన ఆర్డర్ కాగితం.

తర్వాత ఎడమచేత్తో వేయించాను. తలకట్టు విరుపు పోవాలంటే ఆ అలవాటు లేని చెయ్యి కావాలి కదా అన్నది నా ఆలోచన. విరుపు పోయింది, నిజమే. గీతలు తడబడ్డాయి, రంగు కారింది, నాకైతే ఒకటి రెండు చోట్ల బాగున్నాయి కూడా. పెద్దాయన మాత్రం వాటిని చూసి మొహం తిప్పుకున్నారు. "ఇది నా చెయ్యి కాదమ్మా" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు మొండితనంలా వినిపించింది. ఇప్పుడు అనిపిస్తోంది, ఈ కేసు మొత్తానికి మొదటి సరైన మాట అదేనని. చెయ్యి తడబడితే వచ్చేది తడబాటే, దాన్ని స్ఫురణ అనుకోవడం నా పొరపాటు.

మూడోసారి చిత్రకారుడు రజా బొమ్మల దగ్గరికి వెళ్లాం. సయ్యద్ హైదర్ రజా 1950లో ఫ్రాన్స్ వెళ్లి, దశాబ్దాల పాటు ప్రకృతి దృశ్యాలు వేసి, 1980 ప్రాంతంలో బిందువు దగ్గరికి వచ్చారు. ఒక మనిషి ఎన్నేళ్ల పని తర్వాత ఒక చుక్క దగ్గర ఆగాడో చూపిద్దామని నా ఉద్దేశం. బిందువు బొమ్మ ఒకటి ప్రింటులో ఇచ్చి ఇలాంటిది ప్రయత్నించమన్నాను. మేకు కొట్టి, దారం కట్టి, అంచు కొంచెం కూడా చెదరకుండా నల్లటి వృత్తం ఇరవై నిమిషాల్లో వేసి ఇచ్చారు. అది అచ్చం బోర్డు పని. రజా ముప్పై ఏళ్ల దారిని నేను ఒక ఆకారంగా చేసి చేతిలో పెడితే, ఆయన ఆకారాన్నే తిరిగి ఇచ్చారు. తప్పు ఎవరిదో చెప్పక్కర్లేదు.

నాలుగో ప్రయత్నం గురించి రాయడం నాకు కష్టం. భార్య గురించి తలుచుకుని, ఆ బాధని రంగుల్లో పెట్టమన్నాను. ఆయన రెండు గంటలు తలెత్తకుండా వేశారు. వేసింది ఆవిడ పోర్ట్రెయిట్. ఎంత బాగా వేశారంటే గదిలో అందరం లేచి నిలబడిపోయాం. ఆయన దాన్ని పాత దుప్పటిలో చుట్టుకుని ఇంటికి తీసుకెళ్లిపోయారు, ఐదు వారాలు క్లాసుకి రాలేదు. ఆ దుఃఖం ఆయనది, దానికొక మొహం, ఒక పేరు ఉన్నాయి. పేరు లేని బొమ్మ కావాలని వచ్చిన మనిషిని నేను అన్నిటికంటే దగ్గరి పేరు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాను. పైగా అలాంటి పని చేయించడానికి నాకు శిక్షణ లేదు, ఆయన అడగనూ లేదు. ఈ పద్ధతి నేను ఆ తర్వాత ఎవరితోనూ వాడలేదు.

ఫోన్ చేసి క్షమించమన్నాను. "బ్రష్‌లు గట్టిపడితయని వస్తా" అన్నారు.

దారి దొరికిన రోజు

తిరిగొచ్చిన రోజు ఏమీ వేయొద్దు అనుకున్నాం. పాత బోర్డులు, అంటే ఆయన వేసి వద్దనుకున్న రెండడుగుల, మూడడుగుల ప్లైవుడ్ ముక్కలు కొన్నిటిని తెల్లగా పూసి మళ్లీ వాడుకునేలా చేద్దామని కూర్చున్నారు. (కాన్వాసు మానేసి ప్లైవుడ్‌కి రావడం అంతకు ముందే జరిగింది. కాన్వాసు బ్రష్ కింద ఊగుతుంటే గోడకి అలవాటైన చెయ్యి నిలవట్లేదని ఆయనే అడిగారు. ఆ ఒక్క విషయంలో వెంటనే విన్నాను.) ఒక ముక్క మీద తెలుపు పూస్తుంటే కింద ఎర్రగా రాసింది పైకి తేలుతోంది. ఆయన విసుక్కుంటూ, ఇంకో పూత కలుపుతూ, అలవాటు ప్రకారం ఆ బోర్డుని చంకలో పెట్టుకుని మెట్లు దిగి బయటికి వెళ్లిపోయారు. ఎక్కడికో అర్థం కాక నేనూ వెనకే వెళ్లాను. రోడ్డుకి ఇవతల గోడకి దాన్ని ఆనించి, అవతల ఇస్త్రీ బండి పక్కన నిలబడి చూస్తున్నారు.

"ఇక్కడికెందుకు వచ్చారన్నా?" అంటే, "తేలుతుందో లేదో రోడ్డవతల నుంచి చూడకుండ ఎట్ల తెలుస్తదమ్మా?" అన్నారు.

కొంచెంసేపు ఇద్దరం మాట్లాడలేదు. మధ్యలో ఆటోలు పోతున్నాయి. తర్వాత ఆయన, నన్నుద్దేశించి కూడా కాదు, "కింద కుడివైపు బరువెక్కువైంది. ఆ ఎరుపు అట్లనే ఉండనీయాలె, పైన తెలుపు ఇంకా తగ్గాలె" అన్నారు.

నాలుగు నెలల్లో ఆయన నోటి నుంచి, ఏ ఆకారమూ లేని ఒక బొమ్మ గురించి, సొంతంగా వచ్చిన మొదటి తీర్పు అది. నా గది పన్నెండడుగులు, పదడుగులు. అందులో బోర్డుకి ఆరడుగుల దూరంలో కూర్చోబెట్టి తోచింది చెప్పమంటున్నాను. ఆయన చెయ్యి గోడకి అరడుగు దూరంలో పనిచేసింది, కన్ను మాత్రం జీవితమంతా ముప్పై అడుగుల అవతల నిలబడే నిర్ణయం తీసుకుంది. తోచడం అనేది ఆయన దగ్గర లేక కాదు, అది రోడ్డవతల ఉంది, నేను దాన్ని గదిలో వెతుకుతున్నాను.

రెండో సంగతి కూడా ఆ రోజే అర్థమైంది, కాస్త ఆలస్యంగా. ప్రతి ఏడూ అదే గోడ మీద పాత ప్రకటన మీద తెలుపు కొట్టి కొత్తది రాస్తారు. సున్నంలో చిటికెడు నీలిమందు వేసి పూసినా, రెండు వానలకి కింది అక్షరం పైకి తేలుతుంది. పాతికేళ్లు ఆయన ఆ తేలడంతోనే పోరాడారు. ఎంత పూస్తే ఎంత మునుగుతుంది, ఏ రంగు మొండిగా పైకొస్తుంది, ఆయనకి చేతివేళ్లలో తెలుసు. అక్షరాలు మర్చిపోమని నెలల తరబడి చెప్పిన నాకు, అక్షరాన్ని ముంచడంలోనే ఆయన మొత్తం తెలివి ఉందని కనిపించలేదు.

ఏం పని చేసింది

ఆ తర్వాత పద్నాలుగు నెలలు మేము పాటించింది చాలా ఇరుకైన పద్ధతి. మూడు రంగులే: తెలుపు, జాజు (ఎర్రమట్టి రంగు), నలుపు. ముందు బోర్డు మీద ఏదో ఒక మాట, తనకి నచ్చినంత పెద్దగా, తలకట్లతో సహా రాయాలి. ఏ మాట అన్నది నాకు చెప్పక్కర్లేదు. దాన్ని తెలుపు పూసి ముంచాలి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్దాలి, కిందికి తీసుకెళ్లి రోడ్డవతల నుంచి చూడాలి. చూసినప్పుడు ఒక్క నిర్ణయం మాత్రమే తీసుకుని పైకి రావాలి. రెండు తోస్తే రెండోది మర్చిపోవాలి. ఈ ఆఖరి నియమం ఎందుకంటే, రెండు పనులు ఒకేసారి మనసులో పెట్టుకుంటే ఆయన చెయ్యి వెంటనే "పూర్తి చేసే" అలవాటులోకి వెళ్లిపోతోంది. ఒక్కటే అయితే మళ్లీ చూడక తప్పదు.

నియమాలు పెట్టి స్ఫురణ నేర్పడమేంటని ఒక స్నేహితురాలు అడిగింది. నాకు కృష్ణారెడ్డి గారు గుర్తొచ్చారు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే కళాకారుడి స్టూడియోలో పనిచేసిన ప్రింట్‌మేకర్, అంటే రేకు మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే కళాకారుడు. ఒకే రేకు మీద రంగుల్లో నూనె పాళ్లు మార్చి, గట్టి రోలరూ మెత్తటి రోలరూ వాడి, ఒక రంగు ఇంకోదాన్ని తోసేసేలా చేసి అన్ని రంగులూ ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని అభివృద్ధి చేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ ప్రింట్లు చూస్తే నీళ్లు వాటంతటవే పారినట్టుంటాయి. దాని కింద ఉన్నది నూనె ఎంత కలిపితే ఏమవుతుందన్న లెక్క. లెక్క చేతికి ఎక్కినవాడికే ఆ పారుదల దొరుకుతుంది. పెద్దాయనకి ఆ లెక్క ఎప్పుడో ఎక్కింది, నేను కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు, దాన్ని వాడుకునే చోటు చూపించాలి, అంతే.

మెటీరియల్ దెబ్బలు మాత్రం బాగా తిన్నాం. ఆయనకి ఎనామిల్ అంటే ప్రాణం. మొదట్లో ఎనామిల్ మీద యాక్రిలిక్ తెలుపు పూశాం. కొన్ని వారాలకి గోటితో అంటే పొరలా ఊడొచ్చింది. నూనె పొర మీద నీళ్ల రంగు నిలవదని నాకు తెలిసీ ఆయన ఉత్సాహం చూసి ఊరుకున్నాను. వానాకాలంలో కింది పూత పూర్తిగా ఆరకుండా రెండోది మందంగా వేస్తే పైన ముడతలు పడ్డాయి. తెల్ల ఎనామిల్ వేసిన బోర్డుల్ని గోడ వైపు తిప్పి పెడితే కొన్ని నెలలకి పచ్చబడ్డాయి, వెలుతురు తగలని చోట ఆ తెలుపు అలా మారుతుంది. చివరికి కింద అంతా నీళ్ల రంగులు, ఎనామిల్ నలుపు మాత్రం అన్నిటికన్నా పైన, అదీ చివరి రోజే అన్న క్రమం కుదిరింది. జాజుని ఫెవికాల్‌లో ఆయనే కలుపుతారు. ఒకసారి తడి ఉప్పుకాగితంతో రుద్దితే ఆ జాజు కరిగి తెలుపులోకి పాకింది. నేను అయ్యో అంటున్నాను, ఆయన అప్పటికే బోర్డు పట్టుకుని మెట్లు దిగుతున్నారు. ఇప్పుడు ఆయన బొమ్మల్లో కనిపించే ఆ లేత ఎరుపు మరక అక్కడి నుంచి వచ్చిందే.

ఎక్కడ ఆపాలన్నది అన్నిటికన్నా కష్టమైంది. వరసగా ఆరు బోర్డులు పూర్తి తెల్లగా మునిగిపోయాయి, ఎందుకంటే ముంచడం మొదలుపెడితే మచ్చ లేకుండా ముంచాలన్నది ఆయన వృత్తి ధర్మం. ప్రతి దశనీ ఫోన్‌తో ఫోటో తీద్దామన్నాను, వెనక్కి చూసుకుంటే ఎక్కడ ఆగాల్సిందో తెలుస్తుందని. అది ఇంకో తప్పు. ఆయన ఫోటోలో బాగా పడేలా వేయడం మొదలుపెట్టారు, అంచులు మళ్లీ శుభ్రమయ్యాయి. మూడు వారాలకే ఫోన్ పక్కన పెట్టేశాం. తలకిందులు చేసి చూడమనడం మా అందరి చిట్కా. అబ్‌స్ట్రాక్ట్ వేసిన తొలి చిత్రకారుల్లో ఒకడైన కాండిన్‌స్కీ మ్యూనిక్‌లో ఒక సాయంత్రం గదిలోకి వస్తూ, పక్కకి ఒరిగి ఉన్న తన బొమ్మనే గుర్తుపట్టలేక దాని అందానికి నిలిచిపోయానని రాసుకున్నాడు. పెద్దాయనకి మాత్రం ఇది పని చేయలేదు. అద్దం మీద తిరగేసి రాసిన మనిషి అక్షరాన్ని ఎటు తిప్పినా చదివేస్తారు.

పని చేసింది వారం రోజులు గోడ వైపు తిప్పి పెట్టడం. వారం తర్వాత కిందికి తీసుకెళ్లినప్పుడు, ఆ మాట ఏమిటో తనకే వెంటనే తట్టకపోతే అది అయిపోయినట్టు. ఈ కొలత ఆయనే కనిపెట్టుకున్నారు. పూర్తిగా మునిగిపోతే చూడటానికి ఏమీ ఉండదు, చదవడానికి వస్తే అది ఇంకా బోర్డే. ఆ రెంటి మధ్య ఎక్కడో ఒక క్షణం కన్ను తడుముకుంటుంది, అక్కడ ఆపాలి. ఈ దశలోనే ఆయనకి అబ్‌స్ట్రాక్ట్ చిత్రకారుడు గైతోండే బొమ్మల ప్రింట్లు చూపించాను, రజాతో చేసిన తప్పు గుర్తుండి కావాలనే అంత ఆలస్యం చేశాను. 1924లో నాగ్‌పూర్‌లో పుట్టిన గైతోండే రోలర్‌తో, పాలెట్ నైఫ్‌తో పొర మీద పొర వేసి, కాగితంతో అద్ది రంగు పైకి లాగి, ఏడాదికి కొన్ని కాన్వాసులే పూర్తి చేసేవారు. పెద్దాయన ఒక ప్రింటుని కిటికీ దగ్గర పెట్టి గది చివరికి వెళ్లి చాలాసేపు చూశారు. "ఈయన కూడ ముంచిండు" అన్నారు. అంతకు మించి ఆ రోజు ఏమీ వేయలేదు, నేనూ వేయమనలేదు.

పద్నాలుగు నెలల్లో 31 బోర్డులు. ఉంచుకున్నవి 9. వాటిలో ఒకటి నా గదిలో ఉంది. దాదాపు అంతా తెలుపే, ఎడమ పైమూల నుంచి జాజు ఒక వంపు తిరిగి సగంలో ఆగిపోతుంది, అది ఠ కావచ్చు, సున్న కావచ్చు. కింద ఒకే ఒక నల్ల గీత. దాని చివర తలకట్టు విరుపు ఉంది. మొదటి నెలలో నేను తీసేయమని వెంటపడిన విరుపే. ఇప్పుడు ఆ గీత అక్కడ ఆగడానికి ఏకైక కారణం అదేనేమో అనిపిస్తుంది, అది లేకపోతే బొమ్మ కుడివైపు జారిపోయేది.

మిగతావాళ్లతో నా పనిలో మారింది

కొత్తగా ఎవరొచ్చినా మొదటి రోజు బొమ్మ వేయించడం మానేశాను. మీరు చేసిన పని ఏంటి, అది బాగుందో లేదో ఎక్కడ నిలబడి, ఎంత దూరం నుంచి, ఏ వెలుతుర్లో చూసేవారు అని అడుగుతున్నాను. చిన్నప్పటి నుంచి వాకిట్లో ముగ్గులు పెట్టిన ఒకావిడకి ఈజిల్ (బొమ్మని నిలబెట్టే స్టాండు) తీసేసి బోర్డు నేల మీద పెట్టాను, వంగి వేసి, లేచి పైనుంచి చూడమన్నాను. అమెరికన్ చిత్రకారుడు పొలాక్ కూడా 1947 నుంచి కాన్వాసుని నేల మీద పరిచే వేశాడు కదా అని ధైర్యం చెప్పబోతే, "అది ఎవరో నాకెందుకండీ, ఇది మా వాకిలే" అని పని మొదలుపెట్టేసింది. అందరికీ ఇది కుదురుతుందని చెప్పలేను. ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు కూర్చున్న ఇద్దరితో ఇదే ప్రశ్న ఏమీ తేల్చలేదు, వాళ్లకి వేరే దారి చూడాలి.

ఇంకొకటి, ఒక పద్ధతి కుదరనప్పుడు విద్యార్థి మొహం చూసి మార్చడానికి నేను తీసుకున్న సమయం చాలా ఎక్కువ. నాలుగు వారాలు నిద్ర లేకుండా గడిపిన మనిషిని రెండో వారమే అడిగి ఉండాల్సింది.

పోయిన నెల పెద్దాయన ఒక బోర్డు తెచ్చారు. మొత్తం తెలుపు. రోడ్డవతల నుంచి చూశాం, ఏమీ లేదు. ఉట్టి తెలుపు. నేను మునిగిపోయిందే అనుకున్నాను. ఆయన మాత్రం పైకి తెచ్చి పడమటి కిటికీ పక్కన ఆనించి, ఐదింటి దాకా ఆగమన్నారు. ఎండ పక్క నుంచి పడేసరికి, కింద మందంగా రాసిన అక్షరాల అంచులు సన్నటి నీడలుగా లేచాయి. పది నిమిషాలు ఉన్నాయేమో, ఎండ తగ్గగానే పోయాయి. "ఇది అయినట్టా, కానట్టా?" అని అడిగారు. తన బొమ్మ గురించి ఆయన నన్ను అలా అడగడం అదే మొదలు. నేను ఇంకా జవాబు చెప్పలేదు. బోర్డు ఆ కిటికీ దగ్గరే ఉంది. శనివారం ఆయన నాలుగున్నరకే వచ్చి కుర్చీ అటు తిప్పుకుని కూర్చుంటున్నారు.